నొప్పుల సూది అంటారు, రెండు రోజులు పడుతుంది

డేట్ వచ్చింది, నొప్పులు రాలేదు. చెకప్‌కి వెళ్తే డాక్టర్ స్కానింగ్ చూసి "ఉమ్మనీరు కొంచెం తగ్గింది, అడ్మిట్ అయిపోండి, నొప్పులు వచ్చేలా మందు పెడదాం" అంటారు. బ్యాగు సర్దేలోపే అమ్మకి, అత్తగారికి, ఊళ్లో మేనత్తకి కబురు చేరిపోతుంది. "నొప్పుల సూది ఇస్తున్నారట, సాయంత్రానికి అయిపోతుంది." ఆ సాయంత్రం గడుస్తుంది. రాత్రి గడుస్తుంది. మర్నాడు మధ్యాహ్నానికి కూడా లోపల్నుంచి వచ్చే మాట "ఇంకా రెండు వేళ్లే తెరుచుకుంది" అనే. బయట కూర్చున్నవాళ్ల ముఖాలు మారిపోతాయి, లోపలున్న ఆమె ధైర్యం జారిపోతుంది. నిజానికి అప్పటికి ఏ తప్పూ జరగలేదు. తొలి కాన్పుకి ఇండక్షన్, అంటే మందులతో నొప్పులు తెప్పించడం, చేస్తే అంతసేపు పట్టడం మామూలే. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఇండక్షన్‌తో కాన్పయిన తల్లులు ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు నొప్పి మాట రాకుండా ఉండదు. అయితే వాళ్లు ఆగి ఆగి, మళ్లీ మళ్లీ చెప్పేది వేరే. ఎప్పుడవుతుందో తెలియలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. మందు ఎందుకు మార్చారో తెలియలేదు. చివరికి ఆపరేషన్ అన్నప్పుడు తనలోనే ఏదో లోపం ఉందనిపించింది. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడో రోజు కూడా పట్టే పనిని ఇంటివాళ్లకు ఒక సూదిగా చెప్పడం దగ్గరే ఈ బాధలో చాలా భాగం మొదలవుతుంది.

నొప్పులు వాటంతట అవే మొదలయ్యే కాన్పులో, మొదటి నొప్పికి చాలా రోజుల ముందు నుంచే ఒళ్లు సిద్ధమవుతూ ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం నెలలు నిండేవరకు గట్టిగా, పొడుగ్గా, మూసుకుని ఉంటుంది. తాకితే ముక్కు కొనను తాకినట్టుంటుంది. చివరి వారాల్లో అది పెదవిలా మెత్తబడి, కురచై, కొంచెం తెరుచుకుంటుంది. వచ్చిపోయే దొంగ నొప్పులు కూడా ఈ పనిలో కొంత చేసిపెడతాయి. ఇంట్లో తిరుగుతూ, టీవీ చూస్తూ, నిద్రపోతూ గడిపే ఆ రోజుల్ని ఎవరూ కాన్పు లెక్కలో వేయరు. ఇండక్షన్‌లో ఆ పనంతా ఆస్పత్రి మంచం మీద, గడియారం చూసుకుంటూ జరగాలి. అందుకే అంతసేపు.

ముఖద్వారం ఎంతవరకు సిద్ధంగా ఉందో చెప్పడానికి అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ బిషప్ 1964లో ఒక మార్కుల పద్ధతి పెట్టారు. ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తగా ఉంది, ముందుకు ఉందా వెనక్కి ఉందా, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అన్న ఐదింటికీ కలిపి 13 మార్కులు. ఆరు కంటే తక్కువ వస్తే సాధారణంగా ముందు మెత్తబరిచే మందు కావాలి, నొప్పులు పెంచే డ్రిప్ సంగతి ఆ తర్వాత. తొలిచూలు అమ్మాయి రెండు మూడు మార్కులతో ఆస్పత్రిలో చేరిందంటే, ఆ రోజుకి బిడ్డ ఊసు ఎత్తకపోవడమే మంచిది. లోపల పరీక్ష చేసిన డాక్టర్‌కి ఆ అంకె తెలుసు. తల్లికి కూడా చెబితే బయట ఎదురుచూసేవాళ్ల లెక్క కూడా మారిపోతుంది.

మెత్తబరచడానికి మన ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేవి మూడు. డైనోప్రోస్టోన్ జెల్‌ని సిరంజితో లోపల పెట్టి, ఆరు గంటలు చూసి, అవసరమైతే మళ్లీ పెడతారు. మిసోప్రోస్టాల్ మాత్ర 25 మైక్రోగ్రాములది నోటి ద్వారా రెండు గంటలకోసారి ఇస్తారు, లేదా ఆరు గంటలకోసారి లోపల పెడతారు. మూడోది మూత్రం గొట్టంగా అందరికీ తెలిసిన ఫోలీ క్యాథెటర్. దాని చివర ఉన్న బుడగను ముఖద్వారం దాటించి 30 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు నింపితే ఆ ఒత్తిడికి ద్వారం మెల్లగా తెరుచుకుంటుంది. బుడగ దానంతట అది జారి బయటికి వచ్చిందంటే సుమారు మూడు సెంటీమీటర్లు తెరుచుకున్నట్టు. ఈ మూడో పద్ధతి దగ్గర కంగారు పడేవాళ్లు చాలామంది. నొప్పుల మందు అని చెప్పి మూత్రం గొట్టం తెచ్చారేమిటని భయపడతారు. ఒక్క నిమిషం ముందుగా వివరిస్తే ఆ భయం పుట్టదు.

ఇదంతా ఎంతసేపు పడుతుందో చెప్పే మంచి లెక్క మన పక్క రాష్ట్రంలోనే ఉంది. నాగ్‌పూర్‌లోని ప్రభుత్వ ఆస్పత్రుల్లో బీపీ పెరిగిన 602 మంది గర్భిణులపై చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి మిసోప్రోస్టాల్ మాత్రలు, సగం మందికి ఫోలీ బుడగ. 24 గంటల్లోపు నార్మల్ కాన్పు అయినవారు మాత్రలు వేసుకున్నవాళ్లలో 57 శాతం, బుడగ పెట్టినవాళ్లలో 47 శాతం. జాగ్రత్తగా చూసుకుంటూ చేసిన పరిశోధనలోనే, ఒక రోజు గడిచేసరికి నార్మల్‌గా కాన్పయింది సుమారు సగం మందికి. మిగిలినవాళ్లలో కొందరికి ఆపరేషన్ అవుతుంది, కొందరికి రెండో రోజు మొదలవుతుంది. "సాయంత్రానికి అయిపోతుంది" అన్న మాట ఈ అంకెల ముందు నిలబడదు.

మొదటి రాత్రి గురించి ఎక్కడా పెద్దగా రాయరు గానీ తల్లుల జ్ఞాపకాల్లో అది చాలా పెద్దది. జెల్ పెట్టాక ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె చప్పుడు చూసే పరీక్ష) తీసి, వార్డులో పడుకోమంటారు. నడుము లాగుతుంది, పొత్తికడుపు నెలసరి రోజుల్లోలా పట్టేస్తుంది, నిద్ర పట్టదు. నర్సుని పిలిస్తే "ఇవి నొప్పులు కావమ్మా" అంటుంది. ఆమె ఉద్దేశం ఇంకా అసలు ఘట్టం రాలేదని. వినేవాళ్లకు మాత్రం తన బాధను కొట్టిపారేసినట్టు ఉంటుంది. ఇవే నొప్పులు కాకపోతే అసలువి ఎలా ఉంటాయోనన్న టెన్షన్ పట్టుకుంటుంది. పక్క మంచం ఆమె అర్ధరాత్రి లోపలికి వెళ్లి తెల్లారేసరికి బిడ్డతో కనిపిస్తుంది. ఆమెకి అది రెండో కాన్పని, నొప్పులు వాటంతట అవే వచ్చాయని తెలియకపోతే పోలిక మొదలవుతుంది. తెల్లారి చూసుకుంటే అసలు పని ఇంకా మొదలే కాలేదు, ఒంట్లో ఓపిక మాత్రం సగం అయిపోయింది.

దీనికి తోడు ఆకలి. ఆపరేషన్ అవసరం పడవచ్చని చాలాచోట్ల తిండి ఆపేస్తారు. ప్రమాదం తక్కువగా ఉన్న గర్భిణులను నొప్పుల సమయంలో కూడా తిననివ్వాలి, తాగనివ్వాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో ఉంది. జెల్ పెట్టిన మొదటి గంట నుంచి కడుపు మాడ్చి, ముప్పై గంటల తర్వాత "నెట్టమ్మా, ఇంకా గట్టిగా నెట్టు" అంటే ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పటిదాకా ఇడ్లీ తినొచ్చు, ఎప్పటి నుంచి నీళ్లు, జావ మాత్రమే అన్నది గంటల వారీగా చెప్పడం కష్టమేమీ కాదు.

ముఖద్వారం సిద్ధమయ్యాక ఉమ్మనీటి సంచి పగలగొట్టి ఆక్సిటోసిన్ డ్రిప్ పెడతారు. ఒంట్లో సహజంగా ఊరే ఈ హార్మోన్‌ను ల్యాబ్‌లో తయారు చేసినందుకే విన్సెంట్ డు విన్యోకి 1955లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపి తల్లుల ప్రాణం కాపాడేదీ ఇదే. పాడి గేదెలకు పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచే సూది కూడా ఇదే కావడంతో, 2018లో కేంద్రం దీని తయారీ ప్రైవేటు కంపెనీలు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కొరత వస్తే తల్లుల ప్రాణాల మీదికి వస్తుందన్న ఆందోళన నడుమ ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టేసింది. అంత అవసరమైన మందే, బిడ్డ ఇంకా కడుపులో ఉండగా చేతి లెక్క తప్పితే అంత ప్రమాదం. చుక్కల లెక్కన మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, బిడ్డ గుండె చప్పుడు చూస్తూనే ఉండాలి. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తుంటే తగ్గించాలి, లేదా ఆపాలి. డ్రిప్‌లో ఉన్న మంచి అదే. ఆపితే కొద్ది నిమిషాల్లోనే మందు జోరు తగ్గుతుంది. కండరానికి పొడిచిన సూదిని వెనక్కి తీసుకోలేం. అందుకే కాన్పు త్వరగా కావాలని ఊళ్లో ఎవరిచేతనో ఆ సూది వేయించుకోవడం తల్లికీ బిడ్డకీ ప్రాణాంతకం కావచ్చు.

డ్రిప్ నొప్పులు మామూలు నొప్పుల కంటే ఎక్కువా అని చాలామంది అడుగుతారు. ఎక్కువగా ఉంటాయని చెప్పే తల్లులే ఎక్కువ, వాళ్ల మాటకు కారణం కూడా కనిపిస్తుంది. సహజంగా వచ్చే నొప్పులు గంటల తరబడి దూరం దూరంగా వచ్చి, మెల్లగా దగ్గరవుతాయి. ఒంటికి, మనసుకి అలవాటయ్యే వ్యవధి దొరుకుతుంది. డ్రిప్ పెంచుకుంటూ పోతే ఆ దగ్గరయ్యే పని త్వరగా జరిగిపోతుంది, రెండు నొప్పుల మధ్య ఊపిరి పీల్చుకునే విరామం తగ్గుతుంది. పైగా చేతికి సెలైన్, పొట్టకు బిడ్డ గుండె చప్పుడు, నొప్పుల తీరు చూసే సీటీజీ బెల్టులు. లేచి నడవడం, గోడకు ఆనుకుని నిలబడటం, పక్కకు తిరిగి కూర్చోవడం వంటి, నొప్పిని తట్టుకోవడానికి ఒళ్లు తనంతట వెతుక్కునే దారులు మూసుకుపోతాయి. నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు, ఎపిడ్యూరల్, దొరికే ఆస్పత్రిలో ఉంటే దాన్ని అడిగి తీసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చిన్న పట్టణాల్లో, చాలా ప్రభుత్వ ఆస్పత్రుల్లో రాత్రిపూట మత్తు డాక్టర్ దొరకడమే కష్టం. అలాంటి చోట నడుము రాసే ఒక చెయ్యి, పక్కన ఒక మనిషి ఉండటమే పెద్ద మందు.

ఆ మనిషిని లోపలికి రానివ్వడం దయ చూపడం కింద లెక్క కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పురిటి సమయంలో ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. లేబర్ రూముల నాణ్యత పెంచడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమంలోనూ అది ఒక ప్రమాణం. పక్కన నిరంతరం తోడు ఉన్నవాళ్లకు సిజేరియన్లు తగ్గాయని, కాన్పు అనుభవం మెరుగ్గా ఉందని ఎన్నో దేశాల పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది. రెండు రోజుల ఇండక్షన్‌లో తోడు అవసరం రెట్టింపు. డాక్టర్ల షిఫ్టు మారుతుంది, నర్సులు మారతారు, మొదటి నుంచి చివరి దాకా మారకుండా ఉండేది ఆ ఒక్క మనిషే. తెలంగాణలో 2017 నుంచి హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యూనిసెఫ్ సాయంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తూ వచ్చారు. కాన్పంతా వెంట ఉండి, కదలనిచ్చి, ధైర్యం చెప్పి నడిపించే వృత్తి అది. ప్రతి లేబర్ రూమ్‌లో అలాంటివాళ్లు ఉండే రోజు త్వరగా రావాలి.

లోపలి పరీక్షల గురించి తల్లులు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఎంత తెరుచుకుందో చూడటానికి పరీక్ష అవసరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం అసలు నొప్పులు మొదలయ్యాక సాధారణంగా నాలుగు గంటలకోసారి చాలు. ఇండక్షన్‌లో సమయం పొడుగు కాబట్టి వాటి సంఖ్య పెరుగుతుంది. చెప్పకుండా, తెర వేయకుండా, ఒకరి తర్వాత ఒకరు చేస్తే నొప్పి కంటే అవమానం ఎక్కువ గుర్తుండిపోతుంది. "ఇప్పుడు చూస్తానమ్మా, నొప్పి తగ్గాక చూస్తాను, సరేనా" అని ఒక్క మాట అడగడానికి పట్టేది రెండు సెకన్లు. రోగికి తగినంత వివరం చెప్పి తీసుకున్నదే నిజమైన అంగీకారమని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ కేసు ఆపరేషన్ గురించే అయినా, అందులోని న్యాయం పురిటి మంచానికీ వర్తించాలి. అడ్మిషన్ రోజు నాలుగు కాగితాల మీద భర్త చేత సంతకం పెట్టించుకున్నంత మాత్రాన ఆమెను అడిగినట్టు కాదు.

ఇక అందరూ భయపడే మలుపు: "నొప్పులు రావడం లేదు, ఆపరేషన్ చేసేద్దాం." జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5 శాతం. వీటిలో ఇండక్షన్ చేసి, ఆగలేక ఆపరేషన్‌కి వెళ్లినవి ఎన్నో ఆ అంకెల్లో విడిగా కనిపించదు. కనిపించాలి. ఎందుకంటే బిడ్డ గుండె చప్పుడు పడిపోయి చేసే ఆపరేషన్ వేరు, ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే అవసరం లేకపోయేది వేరు. ఇండక్షన్ విఫలమైందని ఎప్పుడు అనాలో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2014లో చెప్పింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నంతవరకు, నొప్పులు ఊపందుకోకముందు ఉండే తొలి ఘట్టానికి 24 గంటలు లేదా అంతకంటే ఎక్కువే ఇవ్వాలి. ఉమ్మనీటి సంచి పగలగొట్టాక కనీసం 12 నుంచి 18 గంటలు డ్రిప్ నడవాలి. అంటే జెల్ పెట్టి పన్నెండు గంటలు కాగానే విఫలం అనేస్తే అది ఆ కొలతకు అందదు.

ఈ తొందర ఒక్క డాక్టర్లదే అనడం న్యాయం కాదు. బయట హాల్లో పెరిగే ఒత్తిడి తక్కువది కాదు. "నిన్నటి నుంచి పిల్లని అలా వదిలేశారేంటి, ఏదైనా అయితే ఎవరిది బాధ్యత" అని గట్టిగా అడిగే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అమావాస్య రాకముందే కావాలనో, మంచి నక్షత్రంలో పుట్టాలనో అడిగేవాళ్లూ ఉన్నారు. జెల్ ముహూర్తం ప్రకారం పనిచేయదు. తిథి చూసి ఇండక్షన్ పెట్టించుకుంటే, ఆ గడువు దగ్గరపడేసరికి మిగిలే దారి ఆపరేషన్ ఒక్కటే. ఇంతా అయ్యాక తర్వాతి నెలంతా చూడటానికి వచ్చినవాళ్లు "ఈ కాలం పిల్లలకి నొప్పులు పడే ఓపిక లేదు" అని పచ్చి బాలింత ముందే అంటారు. ముప్పై గంటల నొప్పులు పడి, ఆ తర్వాత కోత కూడా భరించిన మనిషి ముందు అనకూడని మాట అది.

అలాగని ఇండక్షన్ అంటేనే అనుమానించడం పెద్ద పొరపాటు. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల తగ్గడం, నొప్పులు రాకుండా ఉమ్మనీరు పోవడం, ఇవన్నీ నిజమైన కారణాలు. డేట్ దాటడం కూడా. చెప్పిన డేట్ నాడే పుట్టే పిల్లలు వందలో ఐదుగురు కూడా ఉండరు కాబట్టి ఒకటి రెండు రోజులకే బెంగ అక్కర్లేదు. 41 వారాలు నిండితే మాత్రం లెక్క మారుతుంది. స్వీడన్‌లో 2,760 మందితో చేసిన పరిశోధనలో 41 వారాలకే ఇండక్షన్ చేసినవాళ్లలో ఒక్క బిడ్డా చనిపోలేదు. 42 వారాల దాకా ఆగినవాళ్లలో ఆరుగురు శిశువులు చనిపోవడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2019లో ఆ ఫలితం అచ్చయింది. ఏ ఇబ్బందీ లేకపోతే 41 వారాలకు ఇండక్షన్ చేయాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆముదం తాగిస్తే నొప్పులు వస్తాయని ఇంట్లో పెద్దలు ఇచ్చే సలహాతో ఆ రోజులు గడపకూడదు. ఆముదంతో విరేచనాలు, వాంతులు పట్టుకుని కాన్పుకి ముందే నీరసపడటం మాత్రం జరగవచ్చు.

39 వారాలకే చేస్తే సిజేరియన్లు తగ్గుతాయని చెప్పేవాళ్లు 2018లో వచ్చిన అరైవ్ పరిశోధనను చూపిస్తారు. అమెరికాలో 41 ఆస్పత్రుల్లో ఆరు వేలకు పైగా తొలి కాన్పు తల్లులతో జరిగింది అది. ఇండక్షన్ చేసినవాళ్లలో సిజేరియన్లు 18.6 శాతం, ఆగినవాళ్లలో 22.2. నిజమైన ఫలితమే. అయితే అక్కడ ఇండక్షన్ విఫలమైందని అనడానికి తగినంత సమయం ఇవ్వమని ముందే చెప్పారు. ఓపిక పట్టే పద్ధతి లేనిచోట ఆ తేదీని మాత్రమే తెచ్చుకుంటే ఆ ఫలితం వస్తుందని నమ్మడానికి లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగు అమ్మాయిలకి ఇదే విషయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో విడుదల చేసిన ముసాయిదాలో, ఆసియా మూలాలున్న గర్భిణులకు ఏ ఇబ్బందీ లేకపోయినా 39 వారాలకే ఇండక్షన్ ఆలోచించవచ్చని ఉంది. జాతిని బట్టి వైద్యం ఏమిటని తల్లులు, మిడ్‌వైఫ్‌లు గట్టిగా ప్రశ్నించాక తుది మార్గదర్శకాల్లోంచి ఆ మాట తీసేశారు. అడిగితే మారుతుందనడానికి అది మంచి ఉదాహరణ. అక్కడ ప్రశ్నలు అడగడం మామూలు. ఇక్కడ "ఎంతసేపు పడుతుంది మేడమ్" అని అడగడానికే జంకుతాం. 36 వారాల చెకప్‌లోనే ఆ సంభాషణ జరగాలి: కారణం ఏమిటి, ముఖద్వారం మార్కులెన్ని, మొదట ఏది పెడతారు, ఎన్ని గంటలు చూస్తారు, ఏం జరిగితే ఆపరేషన్ అంటారు, ఆగితే ఏమవుతుంది.

కాన్పయ్యాక చేతికి వచ్చే డిశ్చార్జ్ కాగితం మీద కూడా ఇదే మాటల పొదుపు కనిపిస్తుంది. "ఇండక్షన్ ఫెయిల్, సిజేరియన్" అని ఒక్క ముక్క. రెండో కాన్పుకి వేరే ఊళ్లో, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ముక్కతో ఏమీ తెలియదు. గర్భసంచి మీద కోత ఉన్నవాళ్లకు అది చిట్లే ప్రమాదం వల్ల మిసోప్రోస్టాల్ వాడకూడదు. నార్మల్‌కి ప్రయత్నించవచ్చా లేదా అన్నది మొదటిసారి ఎందుకు ఆపరేషన్ చేశారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. కాబట్టి ఆ కాగితం మీద చేరేటప్పుడు ఉన్న మార్కులు, పెట్టిన మందులు, వాటి వేళలు, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది, అప్పుడు బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉంది అన్నవి రాయించుకోవాలి. ఇంటికి బయల్దేరే హడావిడిలో మర్చిపోయినా, కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగి రాయించుకోవచ్చు.